అత్తగారూ, ఈజిప్టు బొమ్మలూ

మొన్న దసరా సెలవుల్లో మా అత్తగారు ఊరినుంచి వచ్చారు. వచ్చిన మూడోనాడే "ఇంట్లో కూచుంటే కాళ్ళు పట్టేస్తున్నాయే, ఎక్కడికైనా తీసుకెళ్ళు" అన్నారు. గుడికి వెళదామంటే "గుళ్ళు మా ఊళ్ళో లేవా?" అన్నారు. సినిమాకంటే చెవులు చిల్లులు పడతాయన్నారు. మా అమ్మాయి స్కూలుపని కోసం ఎలాగూ మ్యూజియం చూడాలంటోంది కదా అని ముగ్గురం కలిసి హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లో వున్న మ్యూజియానికి బయల్దేరాం.

శిల్పాలు, నాణేలు, కత్తులు, పింగాణీ సామాన్లు వరసగా చూసుకుంటూ పోతున్నాం. దేవుడి విగ్రహం కనిపించినచోటల్లా మా అత్తగారు చెప్పులు విడిచి దణ్ణం పెడుతున్నారు. అలా వెళ్ళి వెళ్ళి గాజుపెట్టెలో వున్న మమ్మీ దగ్గర ఆగాం. నిజాముల కాలంలో ఈజిప్టునుంచి వచ్చిన మమ్మీ అది. రెండువేల ఏళ్ళు దాటిన పడుచుపిల్ల. నైషు అని పిలుస్తారు.

అత్తగారు చాలాసేపు కదలకుండా నిలబడ్డారు. "ఎవరి కన్నబిడ్డో పాపం! ఎక్కడ పుట్టిందో, ఎక్కడికొచ్చి పడుకుందో!" అని నిట్టూర్చారు. తర్వాత గాజుమీదికి వంగి చూసి, "అది సరే, పోయినవాళ్ళమీద ఈ రంగులేమిటే? ఈ బొమ్మలేమిటి? మట్టిలో పెట్టేదానికి ముస్తాబెందుకు? చూసేదెవరు?" అన్నారు.

నేను బి.ఏ.లో చరిత్ర చదువుకున్నదాన్ని. నాలుగు నవలలు రాసినదాన్ని. అయినా చటుక్కున జవాబు తోచలేదు. "వాళ్ళ ఆచారాలండీ అత్తయ్యా" అని తప్పించుకున్నాను. ఆవిడ నన్ను ఓసారి ఎగాదిగా చూసి ఊరుకున్నారు. చారులో ఉప్పు మరిచిపోయిన రోజున చూస్తారే, ఆ చూపు!

ఆ చూపు పడలేక ఇంటికొచ్చి పాత పుస్తకాలన్నీ కిందికి దించాను. చదువుతూవుంటే తెలిసిందేమిటంటే, ఈజిప్టు బొమ్మల గురించి మొట్టమొదట అడగవలసిన ప్రశ్న మా అత్తగారు అడిగినదే. చూసేదెవరు?

నిజమే, ఎవరూ చూడరు! రెండవ రామెసీసు చక్రవర్తికి నెఫెర్తారి అని పట్టపురాణి వుండేది. క్రీస్తుకు పూర్వం 13వ శతాబ్దం నాటి మాట. ఆమె కోసం నైలునదికి పడమటివైపున, రాణుల లోయ అనేచోట కొండని తొలిపించి సమాధి చేయించాడు. గోడలనిండా బొమ్మలే. పైకప్పంతా ముదురు నీలం, ఆ నీలంలో పసుపుపచ్చని చుక్కలు. సన్నని తెల్లబట్టలో రాణిగారు ఒకచోట ఒంటరిగా కూచుని పావులాట ఆడుకుంటూ వుంటుంది. ఇంకోచోట దేవత ఆమె చెయ్యి పట్టుకుని, కొత్తకోడలిని ఇంట్లోకి తీసుకెళ్ళినట్టు, నడిపించుకుపోతూ వుంటుంది. ఇంత పనీ చేయించి చివరికి ఏం చేశారు? రాణిని లోపల పడుకోబెట్టి, తలుపు మూసి వచ్చేశారు. మధ్యలో దొంగలు దూరి నగా నట్రా ఎత్తుకుపోయారుగానీ, 1904లో స్కియాపరెల్లి అనే ఇటలీ పండితుడు ఆ సమాధిని కనిపెట్టేవరకూ వేల ఏళ్ళపాటు ఆ నక్షత్రాలు చీకట్లోనే వున్నాయి.

మనం గోడకి బొమ్మ తగిలించేది వచ్చేపోయేవాళ్ళు చూస్తారని. ఈజిప్టువాళ్ళ సమాధిలో బొమ్మకి వేరే ఉద్యోగం వుంది. రొట్టె బొమ్మ గీస్తే ఆ రొట్టె పోయినవాళ్ళ ఆకలి తీర్చాలి. పడవ బొమ్మ గీస్తే ఆ పడవ వాళ్ళని రేవు దాటించాలి. మనిషి బొమ్మ చెక్కితే, పొరపాటున ఒళ్ళు పాడైపోయినా ప్రాణం వచ్చి ఆ బొమ్మలో నిలవాలి. అందుకే ఈజిప్టు భాషలో శిల్పిని పిలిచే మాటల్లో ఒకదానికి అర్థం "బ్రతికించేవాడు" అని. విగ్రహం పూర్తయ్యాక పురోహితుడు బాడిసెలాంటి పనిముట్టుతో దాని నోటిని తాకి, నోరు తెరిపించే తంతు జరిపేవాడు. మన గుళ్ళలో విగ్రహానికి కళ్ళు తెరిపిస్తారు కదూ, వాళ్ళు నోరు తెరిపించేవారు. నోరు తెరుచుకుంటేగదా తినడానికైనా, ఊపిరి తీసుకోడానికైనా, "నేనున్నాను" అని చెప్పడానికైనా!

బొమ్మకి ప్రాణం వుందని నమ్మినప్పుడు బొమ్మంటే భయం కూడా వుంటుంది. వాళ్ళ లిపిలో అక్షరాలు పాములూ, పక్షులూ, సింహాలూ, మనుషులూ. సమాధి గదిలో మంత్రాలు రాయాలంటే పాము అక్షరం రాయక తప్పదు. రాస్తే అది పాకుతూ వచ్చి పక్కనే పడుకున్నవాళ్ళని కరిస్తే? అందుకని చాలా పాత సమాధుల్లో పాము అక్షరాన్ని రెండు ముక్కలు చేసి రాశారు. సింహాన్ని సగానికి కోసేశారు. అక్షరం అక్షరంగానే వుంటుంది, కాటు మాత్రం వెయ్యలేదు!

న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో నీలంరంగు నీటిగుర్రం బొమ్మ ఒకటి వుంది. జానెడు పొడుగు. ఒంటినిండా తామరపూలు, మొగ్గలు గీసివుంటాయి. దానికి విలియం అని ముద్దుపేరు పెట్టేశారు. మూడువేల ఎనిమిదివందల ఏళ్ళు దాటిన ఆ బొమ్మ సెన్బి అనే అధికారి సమాధిలో దొరికింది. తామరపూలు నైలు నీళ్ళకి గుర్తు, మళ్ళీ పుట్టడానికి గుర్తు. కాని నీటిగుర్రం పడవల్ని బోర్లాదోసే పొగరుబోతు జంతువు. అందుకని సమాధిలో పెట్టేముందు దాని మూడు కాళ్ళు కావాలనే విరిచేశారు. ఇప్పుడున్నవి తర్వాత అతికించినవి. బొమ్మ కావాలి, దాని మేలు కావాలి, దాని కోపం మాత్రం వద్దు! వంటింట్లో నిప్పుతో కాపురం చేసే మనకి ఈ తెలివి అర్థం కాదూ?

మరి ఈ బొమ్మల్లో మనుషులు అంత వంకరగా వుంటారేం అని మా అమ్మాయి అడిగింది. మొహం పక్కకి తిరిగివుంటుంది, కన్ను మాత్రం ఎదురుగా చూస్తున్నట్టు నిండుగా వుంటుంది. భుజాలు మనవైపు, కాళ్ళు మళ్ళీ పక్కకి. బొమ్మలు వెయ్యడం రాకనా? కానేకాదు. నిలబడ్డ మనిషి బొమ్మకి పాదాలనుంచి నుదుటిమీద జుట్టు మొదలయ్యేచోటుదాకా 18 గళ్ళు గీసుకుని, మోకాలు ఏ గడిలో రావాలో, భుజం ఏ గడిలో రావాలో లెక్కతప్పకుండా వేసేవాళ్ళు. మనం చుక్కలు లెక్కపెట్టి ముగ్గు వెయ్యమూ, అలాగన్నమాట. కంటికి కనిపించినట్టు వేస్తే ఒక భుజం చాటున పడుతుంది, కన్ను సగమే కనిపిస్తుంది. కనిపించనిది లేనట్టే లెక్క. బొమ్మలో లేని చెయ్యి పరలోకంలో కూడా వుండదు! అందుకని ఏ అవయవం ఏ వైపునుంచి నిండుగా తెలుస్తుందో ఆ వైపునుంచే వేశారు. ఇంట్లో ఎవరు ముఖ్యులో వాళ్ళ బొమ్మ పెద్దది. చాలా సమాధుల్లో యజమాని తాటిచెట్టంత వుంటే, భార్య అతని మోకాలి దగ్గర కూచునివుంటుంది. అదీ ఒక గుర్తే లెండి!

రంగులకీ అర్థాలున్నాయి. వాళ్ళు తమ దేశాన్ని "నల్లనేల" అనుకున్నారు. ఏటా నైలునది పొంగి పొలాల్లో వదిలిపోయే నల్లటి ఒండ్రుమట్టే వాళ్ళ అన్నం. కాబట్టి నలుపు వాళ్ళకి అశుభం కాదు, పంట. చనిపోయి మళ్ళీ లేచిన ఒసైరిస్ దేవుడి ఒంటికి నలుపు వేస్తారు, లేదా మొలకెత్తే పైరులా ఆకుపచ్చ వేస్తారు. ఎరుపు ఎడారి రంగు. అల్లరిచిల్లరి దేవుడు సెత్‌ది ఆ రంగు. బంగారం దేవతల చర్మం. వాళ్ళ జుట్టు నీలిరాయి. ఆ రాయి ఎక్కడో అఫ్గానిస్తానం కొండలనుంచి రావాలి. అంతదూరంనుంచి వచ్చేది ఎంతమందికి చాలుతుంది? అందుకని ఇసుక, సున్నం, రాగి కలిపి కొలిమిలో కాల్చి నీలంరంగు తామే తయారుచేసుకున్నారు. మనుషుల్లో మగవాళ్ళకి ఎర్రమట్టి రంగు, ఆడవాళ్ళకి లేత పసుపు రంగు వేయడం వాడుక. మగవాడు ఎండలో తిరిగేవాడు, ఆడది నీడపట్టున వుండేదని. ఈ ఎరుపు, పసుపుల సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, ముందు అవసరం పడుతుంది.

ఇక గుర్తుల్లోకి వద్దాం. పైన గుండ్రని వంపు, కింద నిలువుగీత, మధ్యలో అడ్డగీత. ఈమధ్య చెవులకి పెట్టుకునే జూకాల్లో కూడా కనిపిస్తోంది చూడండి, దానిపేరు ఆంఖ్. అర్థం ప్రాణం. దేవత రాజు ముక్కు దగ్గర ఆంఖ్ పట్టుకుందంటే ఊపిరి ఇస్తోందని. చిత్రమేమిటంటే, వాళ్ళ భాషలో అద్దాన్ని కూడా ఆంఖ్ అనే అనేవారు. 1922లో హోవర్డ్ కార్టర్ తెరిచిన టూటంఖామన్ సమాధిలో అచ్చంగా ఆంఖ్ ఆకారంలో వున్న అద్దంపెట్టె దొరికింది. లోపలి అద్దం మాత్రం లేదు, పూర్వమే దొంగలు ఎత్తుకుపోయారు. నా మొహం నాకు చూపించే వస్తువుకి "ప్రాణం" అని పేరు పెట్టిన ఆ మనిషెవరో! పొద్దున్నే బొట్టు పెట్టుకుందామని అద్దం ముందు నిలబడితే, ఆ మాట నాకిప్పుడు రోజూ గుర్తొస్తోంది.

రెండోది పేడపురుగు. అవునండీ, పేడని ఉండగా చుట్టి దొర్లించుకుపోయే పురుగే. మనం చూస్తే మొహం తిప్పుకుంటాం. వాళ్ళు సూర్యుణ్ణి చూశారు. పొద్దున్నే ఆకాశంలోకి ఆ ఎర్రటి ఉండని దొర్లించేవాడు ఎవడో వుండాలి కదా! పైగా ఈ పురుగు భూమిలో పెట్టిన ఉండలోంచి పిల్లపురుగులు బయటికొస్తాయి. అమ్మా అయ్యా లేకుండా తనంతట తానే పుట్టిందనుకున్నారు. ఆ పురుగు బొమ్మని అక్షరంగా వాడితే "అవడం, కావడం" అని అర్థం. తెల్లవారే సూర్యుడి పేరు కూడా అదే మాటలోంచి వచ్చింది. అందుకే రాళ్ళలో, మట్టిలో వేలకి వేలు పురుగులు చేసుకుని ఉంగరాల్లో పెట్టుకున్నారు, మెళ్ళో కట్టుకున్నారు.

మూడోది కన్ను. హోరస్ దేవుడి కన్నుని సెత్ పెరికేశాడనీ, జ్ఞానదేవుడు థోత్ దాన్ని బాగుచేశాడనీ కథ. కాబట్టి ఆ కన్నుకి అర్థం చూపు ఒక్కటే కాదు. చెడినది మళ్ళీ బాగవడం, నిండుగా వుండడం. శవాన్ని మమ్మీ చేసేటప్పుడు ఎడమ పక్క కోసి లోపలి అవయవాలు తీసేవారు. ఆ కోతమీద ఈ కన్ను గుర్తు వున్న బిళ్ళ వుంచేవారు, గాయం మానాలని. చచ్చిపోయిన మనిషి గాయం కూడా మానాలనుకున్నారు చూశారా! మా అత్తగారికి ఈ ముక్క చెప్తే, చదువుతున్న భాగవతం పక్కనపెట్టి, "తల్లులుంటారుగా అక్కడ కూడా" అన్నారు.

నాలుగోది ఈక. ఉష్ట్రపక్షి ఈక. సత్యానికి, న్యాయానికి, ధర్మానికి కలిపి వాళ్ళకి ఒకటే మాట: మాత్. ఆ పేరుగల దేవత నెత్తిన ఈ ఈక వుంటుంది. మనిషి పోయాక అతని గుండెని త్రాసులో పెట్టి, రెండో పళ్ళెంలో ఈ ఈకని పెట్టి తూస్తారు. మెదడుని పనికిరాదని పారేసినవాళ్ళు గుండెని మాత్రం ఒంట్లోనే వుంచేది ఇందుకే. తెలివీ, జ్ఞాపకమూ, పాపపుణ్యాలూ అన్నీ దాంట్లోనే వున్నాయని. లండను బ్రిటిష్ మ్యూజియంలో ఆని అనే లేఖకుడి పత్రంలో ఈ బొమ్మ చూడాలి. నక్క తల దేవుడు త్రాసు సరిచేస్తూ వుంటాడు. కొంగముక్కు థోత్ కలం పట్టుకుని లెక్క రాసుకుంటూ వుంటాడు. వెనకాల మొసలి తల, సింహం ముందుకాళ్ళు, నీటిగుర్రం వెనకభాగం కలిసిన ఒక జంతువు, గుండె బరువైతే మింగేద్దామని నోరు చాపుకుని కూచునివుంటుంది. ఆని నడుంవంచి వస్తున్నాడు. వెనకే అతని భార్య తూతూ. ఆయన పరీక్షకి ఆవిడ కూడా వచ్చి నిలబడింది!

ఇంత కఠినమైన పరీక్ష పెట్టుకున్నవాళ్ళే ఒక చిన్న ఉపాయం కూడా ఆలోచించుకున్నారు. రాతితో చేసిన పేడపురుగు ఒకటి మమ్మీ గుండెదగ్గర పెట్టేవారు. దానిమీద రాసిన మంత్రం సారాంశం ఏమిటంటే, "నా గుండే, నామీద సాక్ష్యం చెప్పకు" అని. మూడువేల ఏళ్ళనాటి మనిషి, తన మనస్సాక్షిని తనే బతిమాలుకుంటున్నాడు. ఈ ఒక్క సంగతి చదివాక వాళ్ళు నాకు పరాయివాళ్ళనిపించలేదు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన గుర్తు చెప్తాను. తాడు. తాడుని ముడివేసి చేసిన కోలగా వుండే చుట్టు. దాని లోపల రాజుల పేర్లూ, రాణుల పేర్లూ రాస్తారు. చుట్టూ తాడు వుంటే పేరుకి హాని రాదని. మనిషంటే ఒళ్ళూ, ప్రాణమూ, నీడా మాత్రమే కాదు, పేరు కూడా మనిషిలో భాగమే అని వాళ్ళ నమ్మకం. పేరు పలికేవాళ్ళు వున్నంతకాలం మనిషి వున్నట్టే. పేరు చెరిగితే రెండోసారి చచ్చినట్టు.

ఆ తాడు ఎంత గట్టిదో చూడండి. ఈజిప్టు లిపి చదివేవాళ్ళు లేకుండా వెయ్యేళ్ళకి పైగా గడిచాక, 1799లో రోసెట్టా అనే ఊరి దగ్గర ఫ్రెంచి సైనికులకి ఒక రాయి దొరికింది. ఒకే శాసనం రెండు ఈజిప్టు లిపుల్లోనూ, గ్రీకులోనూ చెక్కివుంది. ఎంతమంది పండితులు తలలు బద్దలుకొట్టుకున్నా లొంగలేదు. చివరికి 1822లో షాంపోలియన్ అనే ఫ్రెంచి పండితుడు దారి పట్టుకున్నాడు. ఎలాగంటే ఆ తాడు చుట్టుల్లో వున్న పేర్లతోనే. ఒకటి టాలెమీ అనే రాజుది. రెండోది, వేరే రాతి స్తంభంమీద దొరికినది, క్లియోపాత్రా అనే రాణిది. మనం సినిమాల్లో చూసిన క్లియోపాత్రా కాదు, ఆ పేరుగల అంతకుముందు రాణి. రెండు పేర్లలోనూ వున్న "ప", "ఓ", "ల" ఒకే బొమ్మలు అవునా కాదా అని సరిచూసుకున్నాడు. సరిపోయాయి. "ల" అంటే పడుకున్న సింహం! ఒక ఆడమనిషి పేరు సాయంతో మూడువేల ఏళ్ళ నోరు తెరుచుకుంది.

ఆ షాంపోలియనే 1829లో డెయిర్ ఎల్ బహ్రీ అనేచోట కొండని ఆనుకునివున్న గుడికి వెళ్ళి పెద్ద చిక్కులో పడ్డాడు. గోడమీద బొమ్మ చూస్తే రాజు. గడ్డం వుంది, రాజుల పంచెకట్టు వుంది. పక్కన రాసింది చదివితే "ఆమె", "కుమార్తె" అని స్త్రీలింగంలో వుంది. ఇదేమిటి, వ్యాకరణం తెలియని లేఖకుడు రాశాడా?

కాదు. ఆమె హట్‌షెప్సుట్. క్రీ.పూ. 1479 నుంచి 1458 దాకా, సుమారుగా, ఈజిప్టుని ఏలిన స్త్రీ. మొదటి తుత్‌మోసుకి కూతురు, రెండవ తుత్‌మోసుకి భార్య. భర్త పోయాక, సవతికొడుకు మూడవ తుత్‌మోసు పసివాడు కావడంవల్ల రాజ్యభారం ఎత్తుకుంది. కొన్నేళ్ళకి తానే రాజునని కిరీటం పెట్టుకుంది. యుద్ధాలకన్నా వర్తకమూ, కట్టడాలూ ఆమెకి పేరు తెచ్చాయి. ఎర్రసముద్రం మీదుగా పున్త్ దేశానికి ఓడలు పంపి సాంబ్రాణి చెట్లని వేళ్ళతో సహా బుట్టల్లో పెట్టి తెప్పించింది. ఆ బొమ్మలు గుడి గోడమీద ఇప్పటికీ వున్నాయి.

కాని ఆమెకో చిక్కు వచ్చింది. ఈజిప్టు బొమ్మల భాషలో "రాజు" అనే గుర్తు మగవాడిది. కట్టుడు గడ్డం, పంచె, విశాలమైన ఛాతీ. ఆడరాజుకి గుర్తే లేదు. ఏం చేస్తుంది పాపం? మొదట్లో ఆడవాళ్ళ బట్టల్లోనే బొమ్మలు వేయించుకుంది. తర్వాత తర్వాత గడ్డం వచ్చింది, పంచె వచ్చింది. గుర్తుపెట్టుకోమన్న రంగు సంగతి ఇక్కడే. ఆమె గుళ్ళో విగ్రహాల ఒంటిరంగు మొదట పసుపు, తర్వాత నారింజ, చివరికి ఎరుపు అయిందని పండితులు గమనించారు. ఆమె ఎవరినీ మోసం చెయ్యలేదు, ఆడదన్న సంగతి దాచనూలేదు. పక్కనున్న అక్షరాల్లో స్త్రీలింగం అలాగే వుంది. అసలు హట్‌షెప్సుట్ అంటేనే "శ్రేష్ఠులైన స్త్రీలలో మొదటిది" అని అర్థం. ఆఫీసులో పెద్ద కుర్చీ ఎక్కిన ఆడవాళ్ళు గొంతు కాస్త బొంగురుచేసి మాట్లాడటం నేను చూశాను. హట్‌షెప్సుట్ గడ్డం నాకు నవ్వు తెప్పించదు.

ఆమె పోయిన ఇరవై ఏళ్ళకో ఆ పైనో, మూడవ తుత్‌మోసు ముసలితనంలో, ఆమె బొమ్మల్ని ఉలిపెట్టి చెక్కించేశారు. తాడు చుట్టులోని పేరు తీసి తండ్రిదో భర్తదో పేరు పెట్టారు. సవతితల్లిమీద కసి అని పాతకాలం పండితులు రాశారు. కసి అయితే ఇరవై ఏళ్ళు ఆగుతుందా? తన కొడుకుకి సింహాసనం చిక్కులేకుండా అందాలనీ, రాజుల వరసలో ఆడరాజు వుందన్న గుర్తు మిగలకూడదనీ చేయించాడని ఇప్పటి చాలామంది అభిప్రాయం. ఆమె విగ్రహాల ముక్కలు గుడి దగ్గరి గోతుల్లో కుప్పలుగా దొరికాయి. వాటిలో చాలావాటిని మెడ దగ్గర, నడుము దగ్గర, మోకాళ్ళ దగ్గర విరిచిన పద్ధతి చూస్తే, అది కోపంతో చేసింది కాదనీ, పాత విగ్రహాల శక్తి తీసెయ్యడానికి ఈజిప్టులో మామూలుగా చేసే పనేననీ 2025లో వచ్చిన ఒక పరిశోధన చెప్పింది. నీటిగుర్రం కాళ్ళు విరిచినట్టేనన్నమాట! బొమ్మకి శక్తి లేదనుకునేవాళ్ళు ఎవరైనా అంత శ్రమపడి బొమ్మని విరుస్తారా?

రాజుల పేర్లు వరసగా చెక్కిన అబీడోసు గుడి పట్టికలో ఆమె పేరు లేదు. కాని చెరపడం కూడా పూర్తిగా చేతకాలేదు. ఉలితో చెక్కినచోట గోడమీద ఆమె ఆకారమంత మేర గరుకుగా మిగిలిపోయింది. అక్కడెవరో వుండేవారని ఆ గరుకే చెబుతుంది. కర్నాకు గుళ్ళో ఆమె నిలబెట్టిన ఏకశిలా స్తంభం ఒకటి దాదాపు 30 మీటర్ల ఎత్తున ఇవాళ్టికీ వుంది. దానిచుట్టూ గోడ కట్టి కప్పేశారు. ఆ గోడే ఎండకీ గాలికీ అడ్డం నిలిచి దానిమీది అక్షరాలని కాపాడింది! తర్వాతి కాలాలవాళ్ళు ఇది చూసి తన గురించి ఏమనుకుంటారో అన్న ఆలోచన ఆ స్తంభంమీద ఆమె చెక్కించిన మాటల్లోనే వుంది.

రాణుల సంగతి సరే, మామూలువాళ్ళకి తాడు చుట్టు లేదు. వాళ్ళు ఒక పని చేసేవారు. సమాధి దగ్గర "ఈ దారిన పోయే బతికివున్నవాళ్ళారా" అని పిలిచి, రొట్టెలు వెయ్యి, పానీయం వెయ్యి అని నా పేరుమీద నోటితో అనండి చాలు, మీకు ఖర్చేమీ కాదు, నోటి ఊపిరే కదా, అని రాయించుకునేవారు. ఇది చదువుతుంటే నాకు గొంతు పట్టేసింది.

ఇదంతా ఒక సాయంత్రం అత్తగారికి చెప్తున్నాను. మా అమ్మాయి పక్కనే కూచుని స్కూలు కోసం వంశవృక్షం గీస్తోంది. "నాన్నమ్మా, మీ అమ్మమ్మ పేరేమిటి?" అని అడిగింది.

అత్తగారు నోరు తెరిచి ఆగిపోయారు. "అమ్మమ్మ పేరా? అమ్మమ్మని అమ్మమ్మ అనేవాళ్ళం. తాతయ్య 'ఏమేవ్' అని పిలిచేవాడు. ఊళ్ళోవాళ్ళు కరణంగారి భార్య అనేవారు. ఆవకాయ పెడితే ఏడాదిదాకా ముక్క మెత్తబడేది కాదు. నా జడ ఆవిడే వేసేది..." చెప్పుకుంటూ పోయారు. చేతివంట గుర్తుంది, జడ గుర్తుంది. పేరు మాత్రం లేదు. తాతయ్య పేరు, ఆయన తండ్రి పేరు తడుముకోకుండా చెప్పారు. వంశవృక్షంలో ఆ గడి ఒక్కటే ఖాళీగా వుండిపోయింది. గోడమీద గరుకుగా మిగిలిన మేరలాగే. అక్కడ ఉలి పెట్టినవాళ్ళెవరూ లేరు. ఎవరూ పలక్కపోవడంవల్లే చెరిగిపోయింది.

ఆ రాత్రి ఆవిడకి నిద్రపట్టలేదు. తెల్లవారుతూనే నన్ను లేపి, "అటకమీద నా ఇత్తడి చెంబు వుంది, మా అమ్మ నాకు పెట్టినది. దించవే" అన్నారు. నిచ్చెన వేసి దించాను. మకిలిపట్టి నల్లగా వుంది. చింతపండు వేసి తోమాను. మెడకింద చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు ఒక్కొక్కటీ బయటపడ్డాయి. పుట్టింటివాళ్ళు సారెతో ఇస్తూ ఆ రోజుల్లో కొట్టించిన పేరు. అత్తగారు కళ్ళజోడు సవరించుకుని అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివారు. చదివి, మళ్ళీ ఒకసారి గట్టిగా పలికారు.

ఆ పేరు మీకూ చెబుదామనుకున్నాను. "పత్రికలో వేస్తావా ఏమిటి? మా అమ్మమ్మ గడపదాటి ఎరగదు. ఇంట్లో పలుచుకుంటే చాలు" అన్నారు అత్తగారు. ఆవిడ మాట తీసెయ్యలేను. మా అమ్మాయి మాత్రం ఆ గడిలో పేరు రాసి, ఎందుకో తనకే తోచినట్టుంది, చుట్టూ కోలగా ఒక తాడు గీసింది.

మీ అటకమీద కూడా ఏ చెంబో, ఏ గిన్నో వుండే వుంటుంది. ఒకసారి దించి చూడండి. ఖర్చేమీ కాదు, కాస్త చింతపండు, కాస్త ఊపిరి.